కదిలితే తెలిసే గుణం: ఒక మానిటర్ ఆత్మకథ

నేను ఎల్‌సీడీ మానిటర్‌ని. వీఏ (వర్టికల్ అలైన్‌మెంట్) ప్యానెల్ రకం. 1888లో ప్రాగ్‌లో ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టరాల్‌తో చేసిన ఒక పదార్థం రెండుసార్లు కరగడం గమనించాడు. అలా వెలుగులోకి వచ్చిన ద్రవ స్ఫటికాల వంశమే మాది. నా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఎంత వెలుగు బయటికి వదలాలో స్ఫటికాలు చూసుకుంటాయి. వోల్టేజీ మారగానే అవి ఒరుగుతాయి, లేస్తాయి. అందుకు పట్టే కాలమే రెస్పాన్స్ టైమ్.

సెకనుకు 60 బొమ్మలు చూపించాలంటే ఒక్కోదానికి నాకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. 144 చూపించాలంటే ఏడు కూడా దక్కవు. ఆలోపు స్ఫటికాలు సర్దుకోకపోతే పాత బొమ్మ పూర్తిగా చెరగకముందే కొత్తది వచ్చి పడుతుంది. మా ఇంటి అబ్బాయి రాత్రిపూట రేసింగ్ గేమ్ ఆడతాడు. చీకటి రోడ్డు పక్కన కరెంటు స్తంభం దూసుకుపోతుంటే దాని వెనక నల్లటి మరక సాగుతుంది. నలుపును చిక్కగా చూపించడం నా బలం. నలుపు నుంచి ముదురు బూడిద రంగుకు మారడమే నాకు కష్టం. మా రకంలో చాలావాటికి ఆ ఒక్క మార్పుకే 20 మిల్లీసెకన్లు దాటిపోతాయి.

మరి నా అట్టపెట్టె మీద 1 మిల్లీసెకను అని ఉందే? ఒక బూడిద ఛాయ నుంచి మరోదానికి మారే కాలాన్ని కొలిచే గ్రే టు గ్రే లెక్కలో సాధారణంగా అన్నిటికన్నా వేగంగా జరిగే మార్పునే వేస్తారు. దానికోసం స్ఫటికాలను తొందరపెట్టే ఓవర్‌డ్రైవ్‌ను గరిష్ఠానికి పెంచుతారు. అప్పుడు రంగు హద్దు దాటి, కదిలే వస్తువు వెంట వెలుగు చార కనిపిస్తుంది. అందుకే నా మెనూలో ఓవర్‌డ్రైవ్‌ను మధ్యలో ఉంచితే మంచిది. పెట్టె మీద ఎంపీఆర్‌టీ అని రాస్తే అది కదిలే బొమ్మ మసకను చెప్పే వేరే కొలత. అందులో చిన్న అంకెను సాధారణంగా దీపాన్ని ఆర్పి వెలిగిస్తూ సాధిస్తారు, అప్పుడు వెలుతురు తగ్గుతుంది.

ఓఎల్‌ఈడీ తెరలు మాకంటే ఎన్నో రెట్లు చురుకైనవి. అయినా 60 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 60 బొమ్మల దగ్గర, వాటిలోనూ కదలిక కొంత మసకబారుతుంది. పాత పిక్చర్ ట్యూబు ప్రతి బొమ్మనూ మెరిపించి ఆర్పేసేది. మేమూ ఓఎల్‌ఈడీలూ తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఉన్నదాన్నే పట్టుకుని ఉంటాం. కన్ను ముందుకు సాగుతుంటే బొమ్మ ఆగి ఉండటమే ఆ మసకకు కారణం. అందుకే రెస్పాన్స్ టైమ్‌తో పాటు సెకనుకు ఎన్ని బొమ్మలో చెప్పే రిఫ్రెష్ రేటూ చూడాలి.

లెక్కలు రాసుకోవడానికైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఆటలకో క్రికెట్‌కో కొనేవాళ్లు మాత్రం షాపులో నిశ్చలమైన బొమ్మ చూసి మురిసిపోకండి. నల్లటి నేపథ్యం మీద బూడిద రంగు తెలుగు అక్షరాలున్న పేజీ తెరిపించి, వేగంగా పైకి జరపండి. వత్తులు, గుడులు విడివిడిగా కనిపిస్తున్నాయా? అయితే ధర అడగండి. అలుక్కుపోతే పెట్టె మీది అంకె ఎంత చిన్నదైనా పక్క తెర దగ్గరికి వెళ్లండి.