చి.ల.సౌ. బ్యూటీ ఫిల్టర్‌కు

వెంకటాచలం,
నెల్లూరు జిల్లా.

చి.ల.సౌ. బ్యూటీ ఫిల్టర్‌కు,

ఉభయకుశలోపరి. నువ్వు కుశలంగానే ఉంటావులే. నీకు మొటిమ రాదు, వయసు రాదు, రోహిణి కార్తె ఎండ తగలదు. మా సంగతే కాస్త చెప్పుకోవాలి. పిలవకుండా మా ఫోన్లలోకొచ్చి పీట వేసుకుని కూర్చున్నదానివి, నీకు వేరే అడ్రసు ఎక్కడని వెతికేది? అందుకే బహిరంగంగా రాస్తున్నాను. పదిమందీ చదివితే నాకేం నష్టం లేదు, నీకుంటే ఉండొచ్చు.

మా ఊరిని నువ్వు చూసే ఉంటావు, మా మొహాల వెనకాల మసకమసగ్గా. నెల్లూరు నుంచి మద్రాసు దారిన వస్తుంటే హైవే మీద టోల్‌గేటు, రైలు స్టేషను, కసుమూరు దర్గాకు మళ్లే రోడ్డు. తూర్పుకు పోతే కృష్ణపట్నం ఓడరేవు, సముద్రం. ఎండకూ ఉప్పుగాలికీ మాకు కరువు లేదు. వరినాట్లు వేసేవాళ్లూ, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగేవాళ్లూ ఏ రంగులో ఉండాలో ఆ రంగులోనే ఉంటాం. సెల్ఫీ కెమెరా తెరిస్తే మాత్రం పెద్దామె, చిన్నపిల్ల, కూలికి పొయ్యే మనిషి, బ్యాంకులో కూర్చునే మనిషి, అందరం ఒకటే తెలుపు.

అసలు విషయానికొస్తాను. మా వీధిలో ఒకావిడ చీరలమ్ముతుంది. కొట్టు లేదు. ముందుగదిలో గోడకు ఒక కర్టెన్, రింగ్ లైటు, స్టాండు మీద ఫోను, అంతే. రాత్రి అన్నాలు తినేసినాక లైవ్ పెడుతుంది. ‘అక్కా, సింగిల్ పీసు, నచ్చితే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చెయ్యండి, అన్‌బాక్సింగ్ వీడియో ఉంటేనే రిటర్న్’ అని గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. నలభై దాటిన మనిషి. పొట్టి. ఇద్దరు పిల్లకాయల్ని కన్న నడుము. రంగు నలుపే. వెంకటగిరి కాటన్ చీర భుజాన వేసుకుని అట్టా పక్కకు తిరిగిందంటే, చూసేవాళ్లకు ఆ చీర తమ మీద ఎట్టా ఉంటుందో తెలిసిపోతుంది. మోడల్ అన్న మనిషి చెయ్యాల్సిన పని అంతకన్నా ఏముంది?

ఒకప్పుడు ఆ పనికి ఈమెను ఎవరూ పిలిచి ఉండరు. మోడల్ కావాలంటే కొలిచి చూసుకునే ఎత్తుండాలి, బొంబాయి పోవాలి, ఏజెన్సీ చుట్టూ తిరగాలి, పోర్ట్‌ఫోలియో అని ఫొటోల పుస్తకం ఒకటి చేయించుకోవాలి. నెల్లూరు ట్రంకు రోడ్డులో చీరల కొట్టుకు హోర్డింగు కట్టాలంటే సినిమా హీరోయినో, ఏ ఉత్తరాది అమ్మాయో. తెలుగు చీరకు తెలుగు మొహమే దొరకదన్నట్టు చాలాకాలం నడిచింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. పల్లెలు టిక్‌టాక్‌ను పట్టుకున్నాయి. 2020 జూన్ 29న ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే, ఆ వెంటనే జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దిగింది. ఈ వరసలో ఒక తలుపు తెరుచుకుంది. పొట్టివాళ్లు, లావువాళ్లు, నెరిసిన జుట్టువాళ్లు, నిండు నెలల మనుషులు చీర కట్టుకుని కెమెరా ముందు నిలబడ్డారు. జనం చూశారు, కొన్నారు. సోషల్ మీడియాను నేనూ తిడతాను, చాలినంత తిడతాను, కానీ ఈ ఒక్క పుణ్యం మాత్రం దాని ఖాతాలో రాయక తప్పదు. నా గొడవ నీతో. తెరిచిన ఆ తలుపు దగ్గరే కాపు కాసి, లోపలికొచ్చే ప్రతి మొహానికీ సున్నం కొడుతున్నావు.

పోయిన శ్రావణంలో నువ్వు చేసిన నిర్వాకం చెబుతాను విను. మా వీధి చీరలావిడ కొత్త ఫోను కొనింది. డబ్బాలోంచి తీసేటప్పటికే నువ్వు ఆన్‌లో ఉన్నావు. ఎవరూ నిన్ను నొక్కలేదు, ఆమెకు నువ్వున్న సంగతే తెలియదు. లైవ్‌లో ఆమె చెంపలతో పాటు చీర కూడా తెల్లబడింది. తేనెరంగు చీర గంధం రంగులో కనపడింది. దాని మీద జాందానీ బుటాలు, నేసేవాళ్లు పోగు పోగూ చేత్తో ఎక్కించి వేసినవి, వాటిని నువ్వు మొటిమలనుకున్నావో ఏమో, నున్నగా తుడిచేశావు. హైదరాబాదులో చీర అందుకున్నామె ఫోన్ చేసింది. ‘ఏమండీ, చూపించిందొకటి, పంపిందొకటా?’ అని. కొరియర్ చార్జీలు పోనూ రానూ ఈమెకే పడ్డాయి. నీకేమీ పడలేదు.

నీ పనితనం తెలియక కాదు ఇదంతా రాయడం. మొహం దొరకగానే కంటి మూలలు, ముక్కు కొన, పెదవుల చివర్లు, దవడ అంచు, అన్నిటి మీదా కనపడని చుక్కలు పెడతావు. ఆ చుక్కల్ని కలిపి వల అల్లి, దవడను లోపలికి నెట్టి, కళ్లను పెద్దవి చేస్తావు. ఆ తర్వాత చర్మం అని నీకు తోచిన మేరా గరుకంతా తీసేసి వెలుగు పెంచుతావు. చర్మానికి దగ్గరి రంగులో ఏదున్నా అదీ చర్మమే నీకు. మా నేతలో అట్టాంటి రంగులే ఎక్కువ. తేనె, గంధం, ఉల్లిపొర, కాఫీ. కనకాంబరం కూడా కొన్ని లైట్ల కింద నీ చేతికి చిక్కుతుంది.

ఇంత జరిగినాక ఆమె నిన్ను పీకి పారేసిందనుకున్నాను. లేదు. ఇంకో ఉపాయం కనిపెట్టింది. చీరను వెనక కెమెరాతో చూపిస్తుంది, అక్కడ నువ్వుండవు. తనను ముందు కెమెరాతో చూపిస్తుంది, అక్కడ నువ్వు దిట్టంగా ఉంటావు. లెక్క చక్కగా ఉంది. చీర గురించి అబద్ధమాడితే రిటర్న్ వస్తుంది. మొహం గురించి అబద్ధమాడితే ఎవరు రిటర్న్ చేస్తారు? ‘నిన్ను నిన్నుగా చూపిస్తే కొనరా?’ అనడిగితే, ‘కొంటారేమో, నాకే చూసుకోబుద్ధి కాదు’ అనింది. ఈమధ్య పెళ్లిళ్లకు రావడం తగ్గించింది. లైవ్‌లో చూసినవాళ్లు ఎదురుపడి ‘మీరేనా!’ అంటున్నారట. ఆ ‘మీరేనా’లో ఉండే ఆశ్చర్యం ఎంత చేదో నీకు తెలియదు, నిన్నెవరూ ఎదురుగా చూడరు కాబట్టి.

అందం విషయంలో పక్కవాళ్లతో పోల్చుకోవడం మాకు కొత్త కాదు. 1994లో ఐశ్వర్యారాయ్ మిస్ వరల్డ్ అయినప్పుడు ఇక్కడి ఆడపిల్లలూ ఆ ఫొటో కత్తిరించి దాచుకున్నారు. కానీ ఆమె వేరు, మనం వేరు అనే వెసులుబాటొకటి ఉండేది. ఆమె ముక్కు మనకు రాలేదని ఎవరూ కుమిలిపోలేదు. నీ పోటీ అట్టాంటిది కాదు. నా పేరుతో, నా కమ్మలతో, నా జాకెట్టుతో ఇంకొకతెను తయారుచేసి నా ఎదుటనే నిలబెట్టావు. ఆమె ముందు రోజూ నేనే ఓడిపోవాలి. 2018లోనే అమెరికాలో చర్మవైద్యులు ఒక వైద్య పత్రికలో రాశారు, ముఖానికి కోత పెట్టించుకోవడానికి వచ్చేవాళ్లు సినీతారల ఫొటోల బదులు ఫిల్టరేసిన తమ సెల్ఫీలే తెస్తున్నారని. 2021లో ఫేస్‌బుక్ సంస్థ లోపలి కాగితాలు వాల్‌స్ట్రీట్ జర్నల్ చేతికి చిక్కాయి. తమ ఒంటి గురించి ముందే బాధపడుతున్న టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బాధ ఇంకా పెరిగిందని చెప్పినట్టు వాటిలో ఉంది. కంపెనీకి తెలుసన్నమాట. నీకూ తెలిసే ఉంటుంది.

ఇంత తెలిసినా ఫాలోవర్ల మోజు తగ్గేట్టు లేదు. నెల్లూరులో మొహర్రం నాళ్లలో రొట్టెల పండగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరాలని పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె మార్చుకుంటారు. ఫాలోవర్ల రొట్టె ఇంకా మొదలు కాలేదు. త్వరలో మొదలైతే నేను ఆశ్చర్యపోను.

రంగు పిచ్చి నువ్వే తెచ్చావని అననులే, అంత అన్యాయం చెయ్యను. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము మన దేశపు కొట్లలోకి వచ్చింది 1975లో. 2013లో ఏం జరిగిందో చూడు. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభితా ధూళిపాళ ఆ ఏడాది ఫెమినా మిస్ ఇండియా ఎర్త్ అయింది. ఆ తర్వాత కూడా ప్రకటనల ఆడిషన్లకు పోతే సరిపడా తెల్లగా లేవని మొహం మీదే అన్నారని ఆమే చెప్పుకుంది. అదే ఏడు సెప్టెంబరులో, విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలుచుకుంది. ఆ రాత్రే ట్విట్టర్‌లో అక్కడివాళ్లు కొందరు ఆమెను ఉగ్రవాది అని తిట్టారు. ఇక్కడ మనవాళ్లు ఏమన్నారు? ఆ రంగుతో మిస్ ఇండియా అయ్యుండేది కాదన్నారు. దూరంవాళ్లు ఆమె దేశాన్ని కాదన్నారు, దగ్గరివాళ్లు ఆమె ఒంటిరంగును కాదన్నారు. తర్వాతి ఏళ్లలో ఆ క్రీము మీద పోరాడినవాళ్లలో ఆమె ఒకతె. 2020లో కంపెనీ పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి గ్లో అండ్ లవ్లీ చేసింది.

డబ్బా మీద మాట పోయింది, పని పోలేదు. అది నీ చేతికొచ్చింది. క్రీముకు డబ్బులు కావాలి, నెలల తరబడి ఓపిక కావాలి, అప్పటికీ పని చెయ్యదు. నువ్వు ఉచితం, పైగా ఆ క్షణానే. 2017లో ఫేస్‌యాప్ అనే నీ చుట్టం మనిషిని ఆకర్షణీయంగా మార్చే బటన్ ఒకటి పెడితే, అది నల్లవాళ్లను తెల్లగా చేసిందని గోలైంది. దాన్ని నేర్పించిన ఫొటోల్లోనే పక్షపాతం ఉందని ఒప్పుకుని కంపెనీ క్షమాపణ చెప్పింది. నీకు అందం నేర్పినవాళ్లు ఏ మొహాలు చూపించి నేర్పారో, అందులో మా కోస్తా మొహాలు ఎన్నున్నాయో, మాకెవరూ చెప్పలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రాన్ని మైసూరు నుంచి తరలించి 2020లో మా వెంకటాచలంలోనే పెట్టారు. ఆ వైపు పోయినప్పుడల్లా నాకు తిక్కన గుర్తొస్తాడు. మావాడు, నెల్లూరివాడు, 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. భారతాన్ని విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ పర్వంలో సైరంధ్రిగా మారువేషంలో ఉన్న ద్రౌపది చేసిన ఉద్యోగం ఏంది? రాణి సుదేష్ణకు జడలల్లడం, గంధం తియ్యడం, పూలు కట్టడం. ఈ రోజుల్లో అయితే మేకప్ ఆర్టిస్టు. అగ్నిగుండంలోంచి పుట్టుకొచ్చిన నాడే నల్లని పిల్ల ఆమె. మాసిన చీరతో, కొలువు కోసం వచ్చి నిలబడితే, ఒంటి నిండా నగలున్న రాణి హడలిపోయింది, ఈమెను ఇంట్లో పెట్టుకుంటే రాజుగారి మనసు ఏమవుతుందోనని. నలుపు ఆ అందానికి అడ్డమని కథలో ఎవరికీ తోచలేదు, రాణికి అసలే తోచలేదు. ఆ సైరంధ్రి ఇవాళ ఫోన్ తెరిచి నీ ఎదురుగా కూర్చుంటే నువ్వు చేసే మొదటి పని నాకు తెలుసు. రంగు మారుస్తావు, దవడ చెక్కుతావు, జుట్టు ఒంకుల్ని మసక చేస్తావు. ఆ తర్వాత సుదేష్ణ భయపడాల్సిన పని ఉండదు. అంతఃపురంలో మిగిలిన దాసీలకూ ఆమెకూ తేడా ఏముంటుంది గనక?

‘మీ కాలంలో మాత్రం టచప్ లేదా?’ అంటావేమో. ఉండేది. స్టూడియోలో కూర్చుని నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు కప్పేవాళ్లు, పెళ్లిచూపుల ఫొటో అయితే ఇంకో చెయ్యి ఎక్కువ వేసేవాళ్లు. అది అడిగి, డబ్బులిచ్చి చేయించుకునే పని. ఫొటో ఒకటి, అబద్ధం ఒకటి, అది పెట్టెలో పడుండేది. ఇంటికి పోయి అద్దంలో చూసుకుంటే మన మొహం మనకే ఉండేది. ఇప్పుడు చాలామంది అద్దం చూసుకోవడమే మానేశారు, ముందు కెమెరానే అద్దం.

నీ పెద్దన్న డీప్‌ఫేక్ సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 2023 నవంబరులో ఇంకో అమ్మాయి ఒంటికి రష్మిక మందన్న మొహం అంటించిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు కుర్రాణ్ణి. ఫాలోవర్లు పెరుగుతారని చేశాడట. మొహాన్ని మనిషి నుంచి ఊడదీసి వాడుకోవచ్చని పిల్లకాయలకు మొదటి పాఠం చెప్పింది ఎవరో నువ్వే ఆలోచించుకో.

సరే, నాకు కావాల్సింది చెబుతాను. గూగుల్ 2020లో తన పిక్సెల్ ఫోన్లలో, మనిషి కోరి ఆన్ చేస్తేనే నువ్వు లేచేట్టు మార్చింది. అంటే అది కుదిరే పనే. అన్ని ఫోన్లలోనూ అట్నే పడుండు. పిలిస్తే రా. పెళ్లికో సరదాకో పిలుస్తాం, అప్పుడు మర్యాద చేస్తాం. నార్వేలో 2022 నుంచి, డబ్బు తీసుకుని వేసే ఫొటోలో ఒంటి ఆకారమో చర్మమో మార్చి ఉంటే దాని మీద గుర్తు వెయ్యాలని చట్టం ఉంది. మా దగ్గర చట్టమొచ్చే దాకా ఆగనక్కర్లేదు, వీడియో మూల నీ పేరు నువ్వే రాసుకో. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటావాళ్లు 2025 జనవరి 14న బయటివాళ్లు చేసిన ఫిల్టర్లను తీసేశారు, మీ వంశంలో సగం ఆ రోజే పోయింది. నువ్వు ఫోన్ కెమెరాలోనే పుట్టావు కాబట్టి మిగిలావు. మిగిలినందుకైనా కొంచెం ఒద్దికగా ఉండు. ఇంకొకటి, ఇది నా సొంత కోరిక. చీరలమ్మేవాళ్ల లైవ్‌లోకి అసలు రాకు. బుటాల జోలికి పోకు. నేసినవాళ్ల కూలి అందులో ఉంది.

జవాబు రాస్తే సంతోషం. ఫొటో జత చెయ్యనక్కర్లేదు.

ఇట్లు,
వెంకటాచలం నుంచి ఒక చామనఛాయ మనిషి