తుపాకీ ఏదిరా?

పెన్సిల్వేనియాలో కాపురం పెట్టిన తెలుగువాడికి గోల్ఫ్ పిచ్చి పడితే ఎవరూ ఏమీ అనరు. నాకు పట్టింది సాకెట్ బయొనెట్ల పిచ్చి. 19వ శతాబ్దపు తుపాకీ గొట్టానికి తొడిగి, ఓ తిప్పు తిప్పి బిగించే మూడంచుల పోటుకత్తులన్నమాట. అంతకుముందు రకానికి పిడిని నేరుగా గొట్టం నోట్లోనే కుక్కేవారు. కుక్కాక కాల్చడం కుదరదు. 1689లో స్కాట్లండులోని కిల్లీక్రాంకీ దగ్గర సర్కారు సైనికులు ఆ కుక్కుడు పనిలో ఉండగానే కొండప్రాంతపు హైలాండర్లు మీద పడ్డారు. కత్తిని పక్కకి జరిపి, గొట్టం చుట్టూ తొడుగు పెట్టాలన్న బుద్ధి స్థిరపడ్డది ఆ రోజుల్లోనే.

మా అమ్మ ఇండియా నుంచి వచ్చి, గోడకున్న వరసని ఎగాదిగా చూసింది.

"తుపాకీ ఏదిరా?"

"లేదమ్మా. ఇవే."

"ఆలు లేదు చూలు లేదు..." అని మొదలుపెట్టి, కోడలు నవ్వడం చూసి ఆపేసింది. ఆనక, తుప్పు పట్టాయి కదా, చింతపండు పెట్టి తోముతానంది. అడ్డంగా నిలబడ్డాను. ఆ నలుపు పోతే సగం ధర పోతుంది. కొనేవాడు డబ్బిచ్చేది దానికే.

అసలు తలనొప్పి వేరే ఉంది. అంతర్యుద్ధం ముగిశాక అమెరికా సర్కారు దగ్గర .58 కాలిబర్ మస్కెట్ల బయొనెట్లు గుట్టలుగా మిగిలాయి. 1873లో వచ్చిన .45 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టమేమో సన్నం. పాతవి పారేయడానికి మనసొప్పక, తొడుగుల్ని చల్లగానే నొక్కి ఇరుకు చేశారు. బ్రిటిష్ వాళ్లు మార్టినీ-హెన్రీ రైఫిల్ కోసం 1853 నాటి ఎన్‌ఫీల్డ్ బయొనెట్ తొడుగులోనే బుష్, అంటే ఇరుకు చేసే లోపలి గొట్టం, దూర్చారు. పిసినారితనంలో మాత్రం రెండు సర్కార్లూ ఒక తల్లి బిడ్డలే. పర్యవసానం: మార్చినదీ మార్చనిదీ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, తొడుగు వెడల్పులో తేడా మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. అందుకే పాత ఆయుధాల సంతకి నేను పర్సు మరిచినా వెర్నియర్ కాలిపర్ మరవను.

ఆ సంతలో అమ్మేవాళ్లు గొంతు తగ్గించి ఓ రహస్యం చెబుతారు: "మూడంచుల గాయం మానదండీ, అందుకే జెనీవాలో నిషేధించారు." అలాంటి నిషేధమేదీ లేదు. తక్కువ ఉక్కుతో వంగకుండా ఉండడానికే ఆ మూడంచులు. పైగా అంతర్యుద్ధంలో డాక్టర్లు చూసిన గాయాల్లో బయొనెట్ పోట్లు నూటికి ఒకటి కూడా లేవు. సిపాయిలు దాన్ని నేలలో గుచ్చి, తొడుగులో కొవ్వొత్తి నిలబెట్టుకుని ఉత్తరాలు రాసుకున్నారు. మాంసం గుచ్చి నిప్పుల మీద కాల్చుకున్నారు.

ఇదంతా అమ్మకి చెబుతుంటే, ఈ చివరి ముక్క దగ్గర నిటారుగా కూర్చుంది. "మరి చెప్పవేంరా! ఈ కరెంటు పొయ్యి మీద పచ్చడికి వంకాయ కాల్చలేక కోడలు అవస్థ పడుతోంది. పెరట్లో బొగ్గుల గ్రిల్లు ఉత్తినే పడుంది."

మొన్న 1876 నాటి మార్టినీ-హెన్రీ బయొనెట్ ఒకటి కంటపడింది. ఇంట్లో భయపడుతూనే కదిపాను. మా ఆవిడ ధర అడగలేదు.

"పొడవెంతండీ?"

"కత్తి ఒక్కటే దాదాపు 22 అంగుళాలు."

"మూడు వంకాయలు పడతాయి. తీసుకోండి."