అడుగు ధర అడిగారు సరే, అడుగున ఏముందో అడిగారా?

బెంగళూరు చిక్కపేటలో పెళ్ళిచీర కొనే మన ఆడవాళ్ళ దగ్గర సీబీఐ వాళ్ళు ఆర్నెల్లు శిక్షణ పొందాలని నా అభిప్రాయం. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో పొద్దున్నే దిగిన బృందం దుకాణంలో తెల్లపరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. పెద్దమ్మ చీరను ముందువైపు చూడదు, తిరగేసి చూస్తుంది. వెనక పోగులు తేలాయేమో వేలితో తడుముతుంది. జరీని గోటితో గీకి లోపల ఎర్రపట్టు పోగు కనిపిస్తుందా అని చూస్తుంది. అప్పటికీ నమ్మకం కుదరకపోతే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో ముట్టిస్తుంది. వెంట్రుక కాలిన వాసన వస్తే బేరం మొదలు. ప్లాస్టిక్ వాసన వస్తే చెప్పులు వేసుకోవడమే.

అదే బృందం భోజనాలయ్యాక కోటీ ఇరవై లక్షల ఫ్లాట్ చూడ్డానికి వెళుతుంది. వెంట మా బావగారు ఉంటారు. ఆయనది అనంతపురం వైపు. బెంగళూరులో స్థిరపడి సైట్లూ ఫ్లాట్లూ ఇప్పిస్తుంటారు. కమిషన్ రెండు పక్కలా తీసుకుంటారు కాబట్టి ఎవరికీ పక్షపాతం చూపరు. అక్కడ వినబడే ప్రశ్నలు ఇవి: అడుగు ఎంత? ఎ ఖాతానా, బి ఖాతానా? కావేరి నీళ్ళా, ట్యాంకరా? ఈశాన్యం పెరిగిందా, తెగిందా? తిరగేసి చూసే పెద్దమ్మ మాత్రం అక్కడ సోఫాలో కూర్చుని ఫిల్టర్ కాఫీ తాగుతూ ఉంటుంది. ‘చీరంటే తిరగబడుతుంది గానీ నేల తిరగబడుతుందేమప్పా’ అంటారు బావగారు. తిరగబడిన నేలలు లోకంలో చాలానే ఉన్నాయి. ఆ సంగతి తర్వాత.

చిక్కపేటకు పడమరగా బిన్నీపేట ఉంది. 1884లో మొదలై, తర్వాత బిన్నీ కంపెనీ చేతికి వచ్చిన ఉన్ని, నూలు, పట్టు మిల్లు నడిచింది అక్కడే. ఇప్పుడు మాలూ, మెడ నొప్పి పుట్టేంత ఎత్తు అపార్ట్‌మెంట్లూ. చిక్కపేటలో మెట్రో ఎక్కితే మెజెస్టిక్ తర్వాతి స్టేషన్ పేరులోనే ఒక మాల్ ఉంది. ఆ మాల్ లేచింది ఒకప్పటి రాజా మిల్లు నేలలో. ఈ మట్టిలో విషముందని నేననడం లేదు. నా దగ్గర రిపోర్టు లేదు. కొన్నవాళ్ళ దగ్గరా ఉండదు. నా బాధ అదే. అయినా బస్టాండు ధర్మాంబుధి చెరువులో, స్టేడియం సంపంగి చెరువులో కట్టుకున్న ఊరు ఇది. చెరువునే మరిచిపోయిన ఊరు మిల్లులో రంగుల తొట్టి ఎక్కడుండేదో గుర్తుపెట్టుకుంటుందా?

రిజిస్ట్రేషన్‌కు ముందు మనం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తాం. ముప్పై ఏళ్ళ తాకట్లూ, అమ్మకాలూ, భాగపంపకాలూ వరసగా వస్తాయి. ముప్పై ఏళ్ళ ఆసిడ్ మాత్రం రాదు. ఎవరు బ్యాంకుకు బాకీ పడ్డారో ఉంటుంది, ఎవరు నేలకు బాకీ పడ్డారో ఉండదు. పోనీ వాస్తు పండితుణ్ణి అడుగుదామనిపించింది. ఈశాన్యంలో బరువు ఉండకూడదని నీళ్ళ ట్యాంకును నైరుతికి మార్పించిన ఘనుడాయన. సీసం, క్రోమియం, పాదరసం లాంటివాటిని భారలోహాలంటారు కదా, అవి ఈశాన్యంలో పది అడుగుల లోతున ఉంటే దోషమేనా స్వామీ అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు లెక్క కట్టి, ‘ఎన్ని కేజీలుంటాయి?’ అన్నారు.

ఈలోగా ఢిల్లీకి మెలకువ వచ్చింది. 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల కోసం ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి అనుమానిత స్థలాల జాబితా పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి తొంభై రోజుల్లో పైపైన చూడాలి, ఇంకో మూడు నెలల్లో లోతుగా చూసి తేల్చాలి. చెడగొట్టినవాణ్ణి వెతికి పట్టుకుని ఖర్చు కక్కించాలి. వాడు దివాలా తీస్తే ప్రభుత్వాలు, అంటే మీరూ నేనూ, భరించాలి. నియమాలు వచ్చే నాటికి దేశం మొత్తం మీద 103 చోట్లు కలుషితమని గుర్తించారు. బాగుచేసే పని మొదలైంది 7 చోట్ల.

ఈ వార్త బావగారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళు వెలిగాయి. ‘నూటమూడు సైట్లా! థర్టీ ఫార్టీనా, ఫార్టీ సిక్స్‌టీనా?’

ఆయన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. నేలను శుద్ధి చేయడమంటే ముందు గళ్ళు గీసుకుని బోర్లు వేయాలి, ఒక్కో లోతున మట్టి తీసి ల్యాబ్‌కు పంపాలి. చెడిన మట్టిని తవ్వి, ఊట దిగకుండా కట్టిన గోతికి తరలించాలి. లేదా కడగాలి. లేదా సూక్ష్మజీవులకు మేత వేసి, అవి తినేదాకా ఏళ్ళతరబడి ఆగాలి. అదీ కాకపోతే బంకమట్టీ ప్లాస్టిక్ పొరా కప్పి, వాన నీరు ఇంకకుండా కలకాలం కాపలా కాయాలి. భూగర్భజలం చెడితే తోడి శుభ్రం చేస్తూనే ఉండాలి. ఎంత శుభ్రం చేయాలన్నది రేపు అక్కడ ఏం వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది: కార్లు నిలపడానికి ఒక హద్దు, ఇళ్ళకు ఒక హద్దు, పంటకు ఒక హద్దు. బావగారు అంతా ఓపిగ్గా విన్నారు. ‘ఇంత తిప్పలెందుకప్పా? ఒక అడుగు ఎర్రమట్టి తోలి పైన కార్పెట్ గడ్డి పరిస్తే ఐపాయె. గార్డెన్ అని పేరు పెడితే అడుక్కు మున్నూరు ఎక్కువ కూడా వస్తాది.’ ఈ విధానానికి పేటెంటు లేదు కాబట్టి దేశమంతా ఉచితంగా వాడుకుంటోంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. బయ్యప్పనహళ్ళి దగ్గర మూతపడ్డ ఎన్‌జీఈఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ స్థలంలో చెట్ల పార్కు పెట్టాలని కర్ణాటక ప్రభుత్వం తలపెట్టింది. ఈ వరసలో నాకు నచ్చిన ఆలోచన అదొక్కటే. ఆ వార్త విన్న రోజు బావగారు రాత్రి అన్నం తినలేదు.

చిక్కపేటలో మట్టిని శ్రద్ధగా పరీక్షించేవాళ్ళు అసలు లేరనుకోకండి. అవెన్యూ రోడ్డు దాటి అటు వెళితే బంగారు పనివాళ్ళ సందులు. వాళ్ళ గదులు ఊడ్చిన దుమ్మును ఎవరూ పారేయరు, దానికి గిరాకీ ఉంది. అలాంటి దుమ్ము కొన్నవాళ్ళు దాన్ని కడిగి, పాదరసంతో రేణువుల్ని పట్టి, కాల్చి, ఆసిడ్ పోసి, చిటికెడు బంగారం తీస్తారు. బంగారం బీరువాలోకి పోతుంది, పాదరసం గాలిలోకీ కాలవలోకీ పోతుంది. ఇక్కడ చిటికెల్లో జరిగేదాన్నే వంద కిలోమీటర్ల అవతల నూట ఇరవై ఏళ్ళపాటు టన్నుల లెక్కన చేశారు. ఆ ఊరి పేరు మీకు సినిమా పుణ్యాన తెలుసు.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోకి జాన్ టేలర్ కంపెనీ 1880ల్లో దిగింది. మూడు కిలోమీటర్ల లోతుకు తవ్వారు. ఎనిమిది వందల టన్నుల దాకా బంగారం తీశారు. 2001 ఫిబ్రవరి 28న తాళం వేశారు. తవ్విన రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్ళతో బంగారం పిండుకున్నాక మిగిలిన పొడి మాత్రం 3 కోట్ల టన్నులకు పైగా, 13 దిబ్బలుగా, ఊరిని ఆనుకుని అలాగే ఉంది. జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. నిజానికి సైనైడ్ ఎండకు చాలావరకు విరిగిపోతుంది. పిండిలా నూరిన రాతిదుమ్ము విరగదు. పెనుగాలి లేస్తే దిబ్బ కూడా లేచి, పిలవని చుట్టంలా ఇంట్లోకి వచ్చి అన్నంలో కూర్చుంటుంది. గనిలో దిగి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నవాళ్ళ పిల్లలకు ఇప్పుడు గనిలో దిగే శ్రమ లేదు, దుమ్మే ఇంటికి వస్తుంది.

మూతపడ్డ గనుల్నీ, ఇంత దుమ్మునూ ఎలా వాడుకోవాలో దేశం తీవ్రంగానే ఆలోచించింది. 2012లో, కూడంకుళం అణువ్యర్థాలను ఈ గనుల్లో దాచవచ్చన్న మాట సుప్రీంకోర్టులో బయటపడింది. ఊరంతా రోడ్డెక్కేసరికి ఢిల్లీ వాళ్ళు అబ్బే, అలాంటి ఆలోచనే లేదన్నారు. తర్వాత సినిమావాళ్ళు వచ్చారు. దిబ్బల మీద హీరో నడిచాడు, మనం ఈలలు వేశాం, తెరమీద దుమ్ము లేచినప్పుడు ఇంకా గట్టిగా వేశాం. ఆఖరికి 2024 జూన్‌లో, వెయ్యి ఎకరాలకు పైగా పరుచుకున్న ఆ 13 దిబ్బల్నీ మళ్ళీ వడగట్టి బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం సరేనంది. టన్ను దుమ్ములో గ్రాము కూడా ఉండదు. కానీ ఈ మధ్య గ్రాము ధర మీకు తెలిసిందే, చిక్కపేటలో ఏ దుకాణం బోర్డు చూసినా కనిపిస్తుంది. ఇరవై మూడేళ్ళు పీల్చినవాళ్ళ అర్జీలతో కదలని దిబ్బ ధరతో కదిలింది. పైగా కలుషిత స్థలాల కొత్త నియమాల్లో గనుల కాలుష్యాన్ని పక్కన పెట్టారు, దానికి వేరే చట్టాలున్నాయట. ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఉన్నాయి.

అడుగున ఏముందో చూడకపోవడంలో మన తెలుగువాళ్ళు వెనకబడ్డారని బెంగ వద్దు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడికి ఒక విధానం తెచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల జీడిమెట్ల, బాలానగర్, నాచారం, కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడల్లో మొత్తం 9,292 ఎకరాలు ఇళ్ళకూ ఆఫీసులకూ మళ్ళించుకోవచ్చు. పొగ ఊరవతలికి పోవాలన్న ఉద్దేశం మంచిదే. ప్రతిపక్షం లక్షల కోట్ల కుంభకోణమంది, ప్రభుత్వం కాదంది, ఆ జగడం వాళ్ళు చూసుకుంటారు. నా కళ్ళు ఫీజు దగ్గర ఆగిపోయాయి. స్థలం ముందు రోడ్డు 80 అడుగుల లోపయితే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులూ ఆపైన అయితే 50 శాతం. అంటే రోడ్డును అడ్డంగా కొలిచి ఫీజు కట్టించుకుంటారు. మందుల కంపెనీ వెనక దొడ్డిని నిలువుగా కొలిచే టేపుకు ఆ లెక్కలో చోటు లేదు.

ఇక తిరగబడ్డ నేల సంగతి. అమెరికాలో నయాగరా ఫాల్స్ అనే ఊళ్ళో లవ్ కెనాల్ అనే పాత కాలవ ఒకటుంది. హుకర్ కెమికల్ కంపెనీ అందులో దాదాపు 20 వేల టన్నుల రసాయనాలు పూడ్చి, మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. బోర్డు బడి కట్టింది. చుట్టూ ఇళ్ళు లేచాయి. పాతికేళ్ళకు నేలమాళిగల్లోకి రసాయనాలు ఊరడం మొదలైంది. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి జనాన్ని తరలించడం మొదలుపెట్టారు. 1980లో, కాలుష్యం చేసినవాడి చేతే ఖర్చు పెట్టించే సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. ఈ కథంతా విని బావగారు అడిగిన ప్రశ్న ఒక్కటే. ‘ఒక్క డాలరుకా! అప్పుడు డాలరు మన లెక్కలో ఎంతుండె?’

మన భోపాల్ ముచ్చట ఇంకా నిదానం. యూనియన్ కార్బైడ్ ఆవరణలో మూటగట్టి ఉన్న 337 టన్నుల విషాన్ని 2025 జనవరిలో కంటైనర్లలో పీథంపూర్ తీసుకుపోయి, జూన్ ఆఖరుకల్లా కాల్చేశారు. గ్యాస్ లీకైన నలభై ఏళ్ళకు! అదీ సంచుల్లో సిద్ధంగా ఉన్న సరుకు. మట్టిలోకి, బావుల్లోకి దిగినదాన్ని సంచుల్లోకి ఎవరు ఎత్తుతారు?

ఇవన్నీ బుర్రలో పెట్టుకుని, ఈ మధ్య మా అబ్బాయి కోసం ఒక పాత షెడ్ల స్థలంలో లేస్తున్న అపార్ట్‌మెంట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు అడిగేశాను: ‘మట్టి పరీక్ష చేయించారా?’ సేల్స్ కుర్రాడు ఎంతో మర్యాదగా లావుపాటి ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. తిరగేస్తే, పునాది ఎంత బరువు ఆపుతుందో చెప్పే రిపోర్టు. ‘రాయిలాంటి నేల సార్, ముప్పై అంతస్తులు మోస్తుంది’ అన్నాడు. నేల మమ్మల్ని మోస్తుంది బాబూ, ఇదివరకే అది ఏం మోస్తోందని అడుగుతున్నా అన్నాను. కుర్రాడు మేనేజర్ వైపు, మేనేజర్ బావగారి వైపు చూశారు.

బావగారు నా భుజం మీద చెయ్యేసి బాల్కనీలోకి నడిపించుకుపోయారు. ‘గలాటా ఎందుకప్పా? నీకు కావల్సింది రిపోర్టే కదా. మనకు తెలిసినోడు ఉండాడు, రెండ్రోజుల్లో ఇస్తాడు. క్లీన్ అని కావల్లా, వెరీ క్లీన్ అని కావల్లా? వెరీ క్లీన్‌కైతే జీఎస్టీ సపరేటు.’