వేళ్ళు ఐదేనా, మళ్ళీ చూసుకోండి!

రోజుకి పది పదిహేను సార్లు మీ అరచెయ్యి చూసుకోండి. వేళ్ళు లెక్కపెట్టండి. ముక్కు గట్టిగా మూసుకుని ఊపిరి పీల్చండి. గాలి ఆడిందా, మీరు కలలో ఉన్నట్టే. గోడ మీది రాత ఒకసారి చదివి, తల తిప్పి, మళ్ళీ చదవండి. అక్షరాలు మారాయా, కలే. డిజిటల్ గడియారాన్నీ అలాగే రెండుసార్లు చూడండి. స్విచ్ వేయండి, దీపం వెలగలేదా, కలే. చూపుడు వేలుతో రెండో అరచేతిలో పొడవండి. అవతలికి దూసుకుపోయిందా, ఇక అనుమానమే అక్కర్లేదు.

పగలంతా ఇలా చేస్తూ పోతే, అదే అలవాటు రాత్రి కలలోకి కూడా వెంటబడి వస్తుందట. అక్కడా వేళ్ళు లెక్కపెట్టుకుంటారు, ఏడో ఎనిమిదో తేలతాయి, 'ఓహో, ఇది కల' అని తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం నుంచి కల మీ జాగీరు. ఎగరొచ్చు, గోడల్లోంచి నడిచిపోవచ్చు, కావలసినవాళ్ళని పిలిపించుకోవచ్చు. ఈ విద్య పేరు లూసిడ్ డ్రీమింగ్. ఈ వేళ్ళ లెక్కల పేరు రియాలిటీ చెక్. పుస్తకాలున్నాయి, కోర్సులున్నాయి, 'ఒకసారి చెయ్యి చూసుకోండి' అని గంటగంటకీ ఫోన్లో గుర్తుచేసే యాప్‌లూ ఉన్నాయి.

కల మధ్యలో అది కలేనని తెలియడం బూటకం అనడం లేదు. డచ్ వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో రాసిన వ్యాసంతోనే లూసిడ్ డ్రీమ్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. 1975 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు అలన్ వర్స్‌లీ అనే ఆయన తలకి వైర్లు తగిలించి, పడుకోబెట్టి, కాపలా కూర్చున్నాడు. కలలు వచ్చే నిద్రలో ఒళ్ళు కట్టెలా పడి ఉన్నా కళ్ళు కదులుతూనే ఉంటాయి. వర్స్‌లీ ముందుగా చేసుకున్న ఒప్పందం ప్రకారం కళ్ళని ఎడమకీ కుడికీ తిప్పి, కలలోంచే కబురు పంపాడు. కాగితం మీద గీతలు పడ్డాయి. కొన్నేళ్ళకి అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ కూడా ఇదే రుజువు చేసి చూపించాడు. అంతెందుకు, అదివరకటి సర్వేలన్నీ పోగేసి 2016లో లెక్క తీస్తే నూటికి 55 మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చిందని తేలింది. వాళ్ళలో ఎక్కువమంది ఏ వేలూ లెక్కపెట్టి ఉండరు. నా తగాదా ఆ వేళ్ళ లెక్కతోనే.

ఎందుకంటే అది ఒంటరిగా పనిచేసిన దాఖలా పెద్దగా లేదు. కలలో ఎరుక తెప్పిస్తామనే పద్ధతుల మీద జరిగిన 35 అధ్యయనాలని 2012లో జల్లెడ పడితే, నమ్మకంగా ప్రతిసారీ పనిచేసేది ఒక్కటీ కనబడలేదు. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ యూనివర్సిటీలో డెన్‌హోమ్ ఆస్పీ జనాన్ని గుంపులుగా విడదీసి చూశాడు. ఉత్తి రియాలిటీ చెక్‌లు చేసిన గుంపుకి చెప్పుకోదగ్గ లాభం రాలేదు. ఐదు గంటలు పడుకుని, అలారంతో లేచి, 'ఈసారి కల వస్తే అది కలేనని గుర్తుపెట్టుకుంటాను' అని జపిస్తూ మళ్ళీ పడుకుని, దానికి తోడు వేళ్ళూ లెక్కపెట్టిన గుంపుకి ఆ వారంలో 17 శాతం ఫలితం వచ్చింది. పనిచేసింది అలారం, జపం అన్నమాట. పేరు మాత్రం వేళ్ళకొచ్చింది.

పని చేయకపోవడానికి కారణం కూడా గూఢమేమీ కాదు. కలలో ఉన్నప్పుడు మెదడులో మంచీచెడ్డా బేరీజు వేసే ముందుభాగం కునుకు తీస్తుంటుంది. ఏడు వేళ్ళు కనబడితే, 'అవును, మా వంశంలో అందరికీ ఏడే' అని సర్దిచెప్పేస్తుంది. ముక్కు మూసుకున్నా గాలి ఆడితే, 'ఈమధ్య జలుబు తగ్గింది కదా' అనేస్తుంది. నిందితుణ్ణే జడ్జిగా కూర్చోబెట్టాక తీర్పు ఎలా వస్తుందో ఊహించుకోండి.

అసలు నవ్వొచ్చే సంగతి వేరే ఉంది. ఈ పరీక్షలు కనిపెట్టినవాళ్ళకి ఒక ధీమా: మెలకువలో ప్రపంచం కుదురుగా ఉంటుందని. స్విచ్ వేస్తే దీపం వెలుగుతుందని, రాసిన అక్షరం రాసిన చోటే ఉంటుందని, మనిషి పొద్దున ఎవరో సాయంత్రమూ అతనేనని. స్టాన్‌ఫర్డ్ చుట్టుపక్కల ఉంటే ఉండొచ్చు. చిన్న గాలివాన వచ్చిన సాయంత్రం మన ఊళ్ళో స్విచ్ వేయించండి. వాళ్ళ సూత్రం ప్రకారం సబ్‌స్టేషన్ పరిధి మొత్తం కలలో ఉన్నట్టు లెక్క.

సికింద్రాబాద్ స్టేషన్‌లో బోర్డు చూడండి. మొదటిసారి చూస్తే బండి ఆరూ పదికి. తల తిప్పి చూస్తే ఏడింటికి. మంచినీళ్ళ సీసా కొనుక్కొచ్చేలోగా ఒకటో నంబరు ప్లాట్‌ఫాం కాస్తా పదో నంబరు అవుతుంది. గడియారం పరీక్ష, రాత పరీక్ష రెండూ ఒకే దెబ్బకి 'కల' అని తేల్చేశాయి. పెట్టెలు నెత్తిన పెట్టుకుని వంతెన ఎక్కేవాడి కాళ్ళ నొప్పులు మాత్రం ససేమిరా అంటున్నాయి. పొద్దున ఒక రంగు కండువాతో ప్రెస్‌మీట్ పెట్టి, పార్టీ తనకి తల్లిలాంటిదన్న పెద్దమనిషి సాయంత్రానికి ఇంకో రంగు కండువాతో అదే మాట అంటాడు. ఇక ముక్కు మూసుకునే పరీక్ష మూసీ వంతెన మీద చేస్తే, అది సాధన అని పక్కవాడికి చెప్పినా నమ్మడు.

డ్రీమ్ సైన్‌ల సంగతీ ఇంతే. తలగడ పక్కన నోటుబుక్కు పెట్టుకుని, లేవగానే కల రాసుకోవాలి. కొన్ని వారాలకి తిరగేస్తే మళ్ళీ మళ్ళీ వచ్చే వింతలు తేలతాయి. అవే గుర్తులు. లబెర్జ్ వాటిని నాలుగు గంపల్లో వేశాడు: మనసులో వింత, చేతల్లో వింత, ఆకారంలో వింత, సందర్భంలో వింత. చనిపోయిన తాతగారు వరండాలో కూర్చుని పేపరు చదువుతుంటే అది నాలుగో గంప. వెంటనే 'ఇది కల' అనుకోవాలి. బాగానే ఉంది. ఆ తాతగారే పోయిన పదేళ్ళకీ ఓటరు జాబితాలో నిక్షేపంగా ఉంటే? పోలింగ్ నాడు ఆయన ఓటు పడిపోయి కూడా ఉంటే ఏ గంపలో వేయమంటారు?

మనవాళ్ళకి ఉమ్మడి ఆస్తిగా సంక్రమించిన గుర్తు ఒకటుంది: ఇంటర్ పరీక్ష. హాల్ టికెట్ ఇంట్లో మరిచిపోవడం, నిమిషం ఆలస్యానికి గేటు మూసేయడం, చదివింది లెక్కలైతే ఇచ్చింది కెమిస్ట్రీ కావడం. బట్టతల వచ్చి, పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళకి కూడా ఈ కల తప్పదు. పరీక్ష హాలు కనబడగానే వేళ్ళు చూసుకోమంటుంది శాస్త్రం. రిటైరైన పెద్దాయనకి సరే. మార్చిలో నిజంగా పరీక్ష రాస్తున్న కుర్రాడు హాల్లో కూర్చుని అరచెయ్యి కేసి అదేపనిగా చూస్తుంటే ఇన్విజిలేటర్ ఏమనుకుంటాడు? స్క్వాడ్‌ని పిలుస్తాడు.

మా మేనల్లుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ ఈ సాధనలో పడ్డాడు. మొన్నామధ్య ఒక పెళ్ళిలో పంక్తిలో నా పక్కనే కూర్చున్నాడు. గోంగూర కలిపిన ముద్ద ఆకులో వదిలేసి, చెయ్యి మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. నెయ్యి మణికట్టు మీంచి మోచేతి దాకా కారుతోంది. వడ్డిస్తున్న ఆయన ఆగి, "ఏం బాబూ, వెంట్రుక గానీ వచ్చిందా?" అన్నాడు.

"లేదండీ, ఐదే ఉన్నాయి" అన్నాడు వీడు.

గారెల లెక్క అనుకున్నాడు కాబోలు, ఆయన ఇంకో రెండు వేసి ముందుకి వెళ్ళిపోయాడు. ఏడయ్యాయి. మావాడి మొహంలో రంగు మారింది. "గోంగూర ఎలా ఉందిరా?" అన్నాను మాట మార్చడానికి. "ఏ గోంగూర, మావయ్యా?" అన్నాడు.

ఇన్‌సెప్షన్ సినిమాలో హీరో బొంగరం తిప్పి చూసుకుంటాడు. ఆ పద్ధతే నయం, పక్కవాడి ఆకులో నెయ్యి చుక్కలు పడవు.

ఇలా యాంత్రికంగా చూసుకుంటే లాభం లేదని, ప్రతిసారీ చిత్తశుద్ధితో అనుమానించాలని ఈ విద్యలో ముదిరినవాళ్ళు సన్నాయి నొక్కులు నొక్కుతారు. జర్మన్ మనస్తత్వవేత్త పాల్ థోలీ కూడా ఆ ప్రశ్న మనస్ఫూర్తిగా వేసుకోవాలనే అన్నాడు. రోజుకి పదిహేనుసార్లు చిత్తశుద్ధితో అనుమానించడం విజిలెన్స్ శాఖ వల్లే కాలేదు. పైగా వాట్సాప్‌లో వచ్చిన ఫార్వార్డుని జన్మలో ఒక్కసారి చెక్ చేయని చెయ్యి, తన వేళ్ళని మాత్రం గంటకోసారి చెక్ చేసుకుంటుంది. 'ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాలే' అన్న వెంచర్ బ్రోషర్ చూసి అడ్వాన్సు కట్టొచ్చినవాడు కూడా రాత్రి పడుకోబోయే ముందు 'నేను మోసపోకూడదు' అనుకుంటాడు, కల గురించి.

మన జనకమహారాజుకీ ఈ జబ్బు చేసింది. ముష్టివాడైనట్టు కలగని లేచి, ఇది నిజమా, అది నిజమా అని కనబడినవాళ్ళందర్నీ అడిగాడని కథ. అష్టావక్రుడొచ్చి, రెండూ కాదు పొమ్మన్నాడు. రాజుగారి రియాలిటీ చెక్ ఒకే ఒక్క ప్రశ్నతో సరి. బాణాసురుడి కూతురు ఉష అయితే ఇంకా తెలివైంది. కలలో అనిరుద్ధుణ్ణి చూసి వేళ్ళూ కాళ్ళూ లెక్కపెట్టుకోలేదు. చిత్రలేఖని పిలిచి, బొమ్మలు గీయించి, మనిషిని ఆచూకీ పట్టించి, నిద్రపోతున్నవాణ్ణి మంచంతో సహా రప్పించుకుంది. కల మీద అదుపు అంటే అదీ.

యంత్రాలూ వచ్చాయి. లబెర్జ్ నోవాడ్రీమర్ అని కళ్ళకి కట్టుకునే ముసుగు ఒకటి తయారుచేశాడు. కలల నిద్ర మొదలైందని పసిగట్టగానే అందులో ఎర్ర దీపాలు మిణుకుమంటాయి. కలలో ఎర్రగా కనబడితే ఆగి ఆలోచించాలి. హైదరాబాద్‌లో బండి నడిపేవాడికి ఈ యంత్రం దండగ. ఎర్ర లైటు చూసి ఆగే అలవాటు మెలకువలోనే లేదు.

చివరికి మిగిలింది అలారం. కలలు దట్టంగా వచ్చేది తెల్లవారుజామునే, అందుకే ఐదు గంటల నిద్ర తర్వాత లేవమనడం. ఈ వేళ సంగతి మా బామ్మకి ఏ వైరూ లేకుండానే తెలుసు. కాకపోతే ఆ జాము కల నిజమవుతుందని కొసరు కలిపింది. మా మేనల్లుడికి అమెరికా కాల్ ముగిసేసరికి రాత్రి ఒంటిగంట. ఐదు గంటలు కలిపితే ఆరు. ఆరింటికి అలారం మోగుతుంది, పాలవాడు బెల్లు కొడతాడు, కుక్కరు కూస్తుంది, స్కూలు బస్సుకి పిల్ల షూ కనబడదు. మంచం మీద ఈ మహానుభావుడు కదలకుండా వెల్లకిలా పడుకుని, 'ఈసారి కల వస్తే' అని జపం చేస్తుంటాడు. వాళ్ళావిడ ఏమంటుందో పత్రికలో రాయలేను.

అంత కష్టం ఊరికే పోలేదు లెండి. పోయిన వారం ఫోన్ చేశాడు.

"మావయ్యా, వచ్చేసింది! వేళ్ళు చూసుకున్నా, ఆరున్నాయి. కలేనని తెలిసిపోయింది."

"ఎగిరావా మరి?"

"లేదు. ఆఫీసులో ఉన్నాను, పొద్దుటి మీటింగు నడుస్తోంది. లేచి నిలబడి మా మేనేజరుతో 'ఇది నా కల, నువ్వు లేవు' అని చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"సరే, కలే అనుకో, అప్‌డేట్ ఇచ్చి ఎగురు అన్నాడు."

"నువ్వేం చేశావురా?"

"ఇచ్చాను, మావయ్యా. రేపటికల్లా అయిపోతుందని చెప్పాను."