నేను ఫారం పదహారును

2022-23 ఆర్థిక సంవత్సరంలో ఒక ఉపాధ్యాయుడి జీతం లెక్కంతా నా మీదే ఉంది. జూన్ 15 లోగా నన్ను ఉద్యోగి చేతికివ్వాలని నియమం. మృగశిర కార్తె వచ్చినా రెంటచింతల ఎండ తగ్గలేదు. మాస్టారి చెమట చేతుల్లో నా అంచులు మెత్తబడ్డాయి.

నాకు రెండు భాగాలు. ‘ఎ’లో కోసిన పన్ను, ‘బి’లో జీతం, మినహాయింపులు. నా కథంతా ‘బి’లోనే.

మాస్టారు సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) ఉద్యోగి. 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ కొలువులో చేరినవారందరిలాగే ఆయనకూ పాత పింఛను లేదు. బేసిక్, డీఏ కలిపిన దాంట్లో పది శాతం నెలనెలా కోత పడుతుంది, ప్రభుత్వమూ అంతే జమ చేస్తుంది. ఆ ఏడాది ఆయన వాటా 72,000. అదంతా నాలో 80సీసీడీ(1) గడిలో పడింది. ఆ గడీ, 80సీ కలిసి లక్షన్నర దాటకూడదు. ఏపీజీఎల్ఐ, ఎల్ఐసీ, పిల్లల ఫీజులు, ఇంటి అప్పు అసలు కలిసి అప్పటికే 1,30,000. మొత్తం 2,02,000 అయింది. పైనున్న 52,000 ఎందుకూ కొరగాలేదు. ముసలితనానికని దాచుకున్న డబ్బు నా మీద అలా పనికిరాకుండా పడి ఉంటే నాకు బాధేసింది.

స్టాఫ్ రూములో నన్ను చూసిన ఒక టీచరమ్మ వెంటనే పట్టుకున్నారు.

“సార్, మీ సీపీఎస్ అంతా వన్‌లోనే వేశారు. యాభై వేలు వన్ బీలో చూపించుకోండి.”

“మనం విడిగా ఏమీ కట్టలేదు కదా మేడమ్?”

“కట్టక్కర్లేదు సార్. జీతంలో కోసినా అది మన డబ్బే. ఒకే రూపాయిని రెండుచోట్లా చూపకూడదు, అంతే.”

ఆవిడ చెప్పింది చట్టంలో ఉన్నదే. 2015-16 నుంచి 80సీసీడీ(1బి) కింద లక్షన్నరకు పైన మరో యాభై వేల మినహాయింపు ఉంది. మాస్టారు 50,000 అటు మార్చారు, 22,000 ఇక్కడే ఉంచారు. 1,30,000తో కలిపితే లక్షన్నర ఎలాగూ నిండింది. ఇరవై శాతం శ్లాబులో ఉన్నాయనకు సెస్సుతో కలిపి 10,400 తిరిగి రావాలి. పిల్లలున్న ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

ఇందుకోసం నన్ను ఎవరూ దిద్దలేదు. మార్పంతా ఐటీఆర్-1 సహజ్‌లోనే జరిగింది. పోర్టల్ ముందే నింపి ఉంచిన నా అంకెలను ఆయన చెరిపి కొత్తవి వేశారు. ప్రభుత్వం వేసిన 72,000 నాలో ఎక్కడా లేదు. దాన్ని ముందు జీతంలో కలిపి, తరువాత 80సీసీడీ(2) కింద తీసేశారు. కలపకుండా తీసేయడం తప్పు లెక్క, అలా చేసినవాళ్ల మీద నాకు కోపం. రేపు ఎవరైనా అడిగితే చూపడానికి పింఛను ఖాతా (ప్రాన్) స్టేట్‌మెంటును నాకు జతచేసి పెట్టారు. ఆధార్ ఓటీపీతో ముప్పై రోజుల్లోపే ధ్రువీకరణ కూడా చేశారు.

ఈ సంగతి తెలిసి, అప్పటికే రిటర్ను వేసేసిన ఇద్దరు సార్లు తమ ఫారాలు తెచ్చారు. వాళ్లకు 2023 డిసెంబరు 31 దాకా సవరణ రిటర్నుకు వీలుండేది. అయితే 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే మొదట వర్తిస్తుంది. అందులో ఉద్యోగి వాటాకు ఏ గడిలోనూ మినహాయింపు లేదు, ప్రభుత్వ వాటాకే ఉంది. తరువాతి ఏడాదికి ఏది మేలో తేల్చుకోవడానికి మాస్టారు నా వెనకవైపు పెన్సిలుతో రెండు లెక్కలూ వేసి పెట్టారు.