నిజాయితీకి శంకుస్థాపన

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే దేశంలో ఉన్నట్టుండి నిజాయితీ పెరుగుతుంది. తొలకరికి పుట్టగొడుగులు లేచినట్టు ఆఫీసు గోడల మీద ఫ్లెక్సీలు లేస్తాయి. సర్దార్ పటేల్ పుట్టినరోజు 31న కాబట్టి, ఆ తేదీ పడే వారమంతా విజిలెన్స్ అవగాహన వారోత్సవం. కేంద్ర విజిలెన్స్ కమిషన్ రాసిచ్చిన ప్రతిజ్ఞ అందరూ చదవాలి. లంచం పుచ్చుకోను, ఇవ్వను, చట్టం దాటను, అన్నీ పారదర్శకంగా చేస్తాను వగైరా. నిలబడి చదివే ఓపిక లేనివాళ్ళకు ఆన్‌లైన్ సదుపాయం కూడా ఉంది. పేరూ ఫోన్ నంబరూ కొట్టి ఒక్క నొక్కు నొక్కితే సర్టిఫికెట్ దిగుతుంది. కులం సర్టిఫికెట్‌కూ, ఆదాయం సర్టిఫికెట్‌కూ చెప్పులరిగేలా తిరిగిన జనానికి ఇది వింతే. ఒక్కరోజు కూడా తిరగకుండా, ఎవరి చెయ్యీ తడపకుండా ఈ దేశంలో చేతికొచ్చే కాగితం బహుశా ఇదొక్కటే.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఈ పండగ బ్రహ్మాండంగా జరిగింది. సోమవారం పదకొండుకు ప్రతిజ్ఞ అన్నారు. పెద్దాఫీసరు గారు పన్నెండుకు వచ్చారు. ఈలోపు మిరపకాయ బజ్జీలు చల్లారిపోయాయి, మేం మాత్రం చల్లారకుండా హాల్లో వరసగా నిలబడ్డాం. వెనక ఫ్లెక్సీ మీద 'వ్యక్తిగత నిజాయితీయే ఉత్తమ నాయకత్వానికి పునాది' అని రాసి ఉంది. ఆ వాక్యం జానెడు, పక్కన అయ్యగారి ఫొటో మూరెడు. కుడిచెయ్యి చాచమన్నారు, చాచాం. ఆయన చదివారు, మేం పలికాం. 'జవాబుదారీతనం' దగ్గర ఆయన నాలుక తడబడింది. మేమూ అంతే భక్తిగా తడబడ్డాం.

ఆ వెంటనే హాజరు పట్టీ వచ్చింది. వారం రోజుల కార్యక్రమాలకు వారం రోజుల గళ్ళు: మంగళవారం క్విజ్, బుధవారం వ్యాసరచన, గురువారం వక్తృత్వం, ఇలా శనివారం దాకా. సూపరింటెండెంటు గారు పెన్ను మూత తీసి అందించారు. "శుక్రవారం లోపు హెడ్డాఫీసుకు రిపోర్టు పోవాలండీ. అన్ని రోజులకీ ఇప్పుడే పెట్టేయండి, మళ్ళీ మళ్ళీ ఎందుకు శ్రమ?" అన్నారు. పెట్టేశాను. బుధవారం జరగబోయే వ్యాసరచన పోటీకి సోమవారం మధ్యాహ్నానికే హాజరైపోయాను. అబద్ధమాడనని చాచిన చెయ్యి పూర్తిగా దించకముందే అబద్ధపు సంతకాలు ఐదు పెట్టింది. నా తర్వాత వరసలో ఉన్న మా అటెండరు మాత్రం పెన్ను పట్టుకుని ఆగిపోయాడు.

"రేపు ఎల్లుండి నేను రాను సార్, ఊర్ల మా చెల్లె పెండ్లి ఉంది. రాని రోజుకు సంతకం ఎట్ల పెడ్త?"

"పెట్టవయ్యా, ఏం కాదు."

"ఏం కాదు సార్, కానీ నేను రాను గద."

అతను సోమవారం గడిలో ఒక్క సంతకం పెట్టి, బజ్జీల ప్లేట్లు తియ్యడానికి వెళ్ళిపోయాడు. అతని దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఆ ఫ్లెక్సీ మీది పునాది సంగతి చూద్దాం.

నిజాయితీకి 'పునాది' అన్న పోలిక ఎవరు తెచ్చారో గానీ ముందుచూపున్న మనిషి. పునాది అంటే ఏమిటి? గొయ్యి తవ్వి, అందులో వేసి, మట్టి కప్పేసేది. ఆ తర్వాత దాని మొహం ఎవరూ చూడరు, ఎలా ఉన్నావని ఎవరూ పలకరించరు. మన నాయకులు ఆ పోలికను అక్షరాలా పాటిస్తున్నారు. నిజాయితీని అంత లోతున పూడ్చిపెట్టినవాళ్ళను పట్టుకుని అది లేదనడం అన్యాయం. ఉంది, కిందుంది.

పైగా మన దగ్గర పునాదికన్నా శంకుస్థాపనకే గిరాకీ. కొబ్బరికాయ, పసుపు రాసిన గునపం, పూలదండ, శిలాఫలకం. ఫలకం మీద గౌరవనీయుల పేర్లు హోదాల వారీగా ఉంటాయి, ఒక పేరు పైకీ కిందికీ అయితే అక్కడే పంచాయితీ. పదేళ్ళ తర్వాత వెళ్ళి చూడండి. ఫలకం వెనక భవనం ఉండదు, సర్కారు తుమ్మ ఉంటుంది. మేకలు ఆ నల్లరాతికి వీపు గోక్కుంటుంటాయి. నిజాయితీకి కూడా మనం ఏటేటా చేస్తున్నది ఇదే.

ఇదేదో సర్కారు ఆఫీసుల జబ్బని ప్రైవేటువాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. వాళ్ళకు ఫ్లెక్సీ ఉండదు, పుస్తకం ఉంటుంది. అమెరికాలో ఎన్‌రాన్ అనే కంపెనీ 2000లో తన ఉద్యోగుల కోసం 64 పేజీల నీతి నియమావళి అచ్చేసింది. కంపెనీ ఏరుకున్న నాలుగు విలువల్లో నిజాయితీ ఒకటి. మరుసటి ఏడాది డిసెంబరుకల్లా దొంగ లెక్కలు బయటపడి కంపెనీ దివాలా తీసింది. 64 పేజీల్లో ఒక్క అచ్చుతప్పు కూడా లేకపోవచ్చు. తప్పులన్నీ ఖాతా పుస్తకాల్లో ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదుకే వద్దాం. ఇక్కడ ఒకప్పటి సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరే సత్యం. ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలను వెనకనుంచి చదివితే మేటాస్. చైర్మన్ సొంత కుటుంబం వాళ్ళ నిర్మాణ, రియల్ ఎస్టేటు కంపెనీలకు ఆ పేరు పెట్టారు. సత్యాన్ని తలకిందులు చేస్తే స్థిరాస్తి వస్తుందని అంత బాహాటంగా బోర్డు కట్టుకున్నవాళ్ళు ప్రపంచంలో ఇంకొకరు లేరు. డైరెక్టర్ల బోర్డులో చూస్తే పేరున్న ప్రొఫెసర్లు, లెక్కలు చూడ్డానికి ప్రపంచంలోకెల్లా పెద్ద ఆడిటింగ్ సంస్థల్లో ఒకటి. ఇంత అలంకారం చేశాక అవార్డు రాకపోతే తప్పు. 2008 సెప్టెంబరులో వచ్చింది. కంపెనీ పాలన ఉత్తమంగా ఉన్నందుకు ఇచ్చే అవార్డు, పేరు గోల్డెన్ పీకాక్. బంగారు నెమలి!

ఆ నెమలి పురి విప్పిన సెప్టెంబరుతోనే ముగిసిన మూడు నెలల లెక్కలు చూడండి. ఈ అంకెలు ఏ ప్రత్యర్థో పుట్టించినవి కావు, 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు తన ఉత్తరంలో తానే ఒప్పుకున్నవి. ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, అసలు ఆదాయం 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలు లాభం 61 కోట్లు. నగదూ బ్యాంకు నిల్వలూ కలిపి పుస్తకాల్లో చూపింది 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. అంటే పెట్టెలో వంద ఉందని చెప్పి మూత తీస్తే ఆరు రూపాయలు. నెమలినిచ్చిన పెద్దలు పెట్టె రంగు చూశారు, తాళం నునుపు చూశారు. మూత తీయడం మర్యాద కాదనుకున్నారు. ఉత్తరం బయటికొచ్చాక నెమలిని వెనక్కి తీసుకున్నారు. 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్కరోజే 40కి పడింది.

ఆ ఉత్తరంలో ఒక పులి కూడా ఉంది. మొదట్లో అసలు లాభానికీ చూపిన లాభానికీ తేడా చిన్నదేననీ, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగి పెద్దదైపోయిందనీ, చివరికి తన పరిస్థితి పులినెక్కి స్వారీ చేసినట్టయిందనీ, దిగితే తింటుందనీ రాజుగారు బాధపడ్డారు. పోలిక బాగుంది, ఒక చిన్న సవరణ చాలు. పులిని ఎక్కింది ఆయన, పులి తిన్నది మాత్రం షేర్లు కొన్న రిటైర్డు టీచర్ల పొదుపులనూ, సుమారు యాభై వేల మంది ఉద్యోగుల నిద్రనూ.

ఇక్కడ అందరూ పులి మీద మనిషినే చూస్తారు. నేను పులికి మేత మోసినవాళ్ళ సంగతి అడుగుతాను. లేని ఆదాయం పుస్తకంలోకి దానంతటది నడిచి రాదు. దానికి లేని బిల్లులు కావాలి, లేని డిపాజిట్లకు రసీదులు కావాలి, వాటిని సరిచూసినట్టు సంతకం కావాలి. చైర్మన్ గారు రాత్రిళ్ళు ఒంటరిగా కూర్చుని బిల్లులు కొట్టుకోరు కదా. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ జైలు వేసింది. ఆ పదిమందిలో రామలింగరాజు అన్నదమ్ములతో పాటు ఆడిటర్లున్నారు, లెక్కల విభాగంలో జీతానికి పనిచేసిన ఉద్యోగులూ ఉన్నారు. మరుసటి నెలలోనే పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చిందనుకోండి, మన వ్యవస్థలో శిక్షకు కూడా శంకుస్థాపనే ముందు.

అందుకే 'అది ఆయన పర్సనల్' అన్న మాట వింటే నాకు నవ్వొస్తుంది. నాయకుడి అబద్ధం పర్సనల్ ఎప్పుడవుతుంది? దానికి టైపు కొట్టేవాడొకడు, ముద్ర వేసేవాడొకడు, సాక్షి సంతకానికొకడు ఉండాలి. మామూలు మనిషి అబద్ధమాడితే వాడి నోరే చెడుతుంది. నాయకుడు అబద్ధమాడితే అది ఫైలు నంబరు వేసుకుని కిందికి దిగుతుంది, దిగిన ప్రతి మెట్టు దగ్గరా ఒక సంతకం పుచ్చుకుంటుంది. చివరి మెట్టు మీదున్నవాడికి అది అబద్ధమని కూడా అనిపించదు, ఆఫీసు పని అనిపిస్తుంది. బుధవారం గడిలో సంతకం పెట్టినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

ఇక మనం, అంటే ప్రజలం, తీర్పు చెప్పే పెద్దమనుషులం. మన తీర్పు ఒక్క వాక్యం: 'తింటే తిన్నాడు, పని చేశాడు కదా.' తూకం చూసుకుంటే ఇదొక అద్భుతమైన వాక్యం. ఇంట్లో పనిమనిషి పావుకిలో చక్కెర తీస్తే మనకు ఈ వాక్యం గుర్తురాదు. కిరాణా కొట్టువాడు తూకంలో యాభై గ్రాములు కొడితే 'కొడితే కొట్టాడు, కొట్టు తెరిచాడు కదా' అనం. ఊరి చెరువును మింగినవాడికి మాత్రం రాయితీ. ఎన్నికల్లో పోటీ చేసేవాళ్ళు ఆస్తులూ అప్పులూ కేసులూ అఫిడవిట్‌లో రాసివ్వాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. మనం ఆ అఫిడవిట్‌ను పెళ్ళిసంబంధం బయోడేటాలా చదువుతాం. ఆస్తి బాగుంటే సమర్థుడు, కేసులుంటే ధైర్యస్థుడు. సొంత కారు లేదని రాసిచ్చిన అభ్యర్థి నామినేషన్‌కు నలభై కార్లతో వస్తే, ఎంత మంది స్నేహితులో అని మురిసిపోతాం.

మన నేల మీదే ఇంకో రకం లెక్క కూడా నడిచింది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది, వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళదేశంలో అరియలూరు దగ్గర మరో ఘోరం జరిగింది, శాస్త్రి మళ్ళీ రాజీనామా ఇచ్చారు. ఈసారి ఒప్పుకోక తప్పలేదు. ఇప్పటి సలహాదారు ఎవరైనా ఆయన పక్కనుంటే తల బాదుకునేవాడు. "అయ్యా, వానకు వంతెన పోతే మీరేం చేస్తారు? పట్టాలు మీరు వేశారా, ఇంజను మీరు నడిపారా? ఒక కమిటీ వేయండి. ఎక్స్‌గ్రేషియా ప్రకటించండి. సాయంత్రానికి ఒక జూనియర్ ఇంజినీరును సస్పెండ్ చేయండి. పొద్దున్నే పేపర్లో కఠిన చర్యలని పడుతుంది." పాపం, శాస్త్రిగారికి ఆ చదువు అబ్బలేదు. తప్పు ఎంత కింద జరిగినా బాధ్యత మెట్లెక్కి తన గదికే వస్తుందని నమ్మారు. ఇప్పుడు మెట్లు అవే, రాకపోకలే తారుమారయ్యాయి. ఘనత పైకెక్కుతుంది, బాధ్యత కిందికి జారుతుంది.

టంగుటూరి ప్రకాశం పంతులు గారి సంగతీ అంతే. మద్రాసులో బారిస్టరుగా లక్షలు ఆర్జించి, ఉద్యమంలోనూ పత్రికలోనూ పోసేసి, ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాక కూడా వెనకేసుకోకుండానే పోయారు. ఆ రుణం మనం ఉంచుకోలేదు. ఒక జిల్లాకు ఆయన పేరు పెట్టాం. బెజవాడలో కృష్ణమ్మ మీద బరాజుకూ పెట్టాం. పేరును సిమెంటులో పోసి గట్టి చేశాం, పద్ధతిని గేట్లెత్తి సముద్రంలోకి వదిలేశాం.

మా అటెండరు గురువారం తిరిగొచ్చాడు. పెళ్ళి అరిసెలు తెచ్చి అందరికీ పంచాడు. శుక్రవారం రిపోర్టు వెళ్ళింది. అతని గళ్ళు ఖాళీగా ఉండడంతో పట్టిక అందం చెడుతోందని సూపరింటెండెంటు గారు ఆ పేరే తీసేసి కొత్త కాగితం టైపు చేయించారు. అలా మా ఆఫీసు నూటికి నూరు శాతం నిజాయితీ సాధించింది. నెల తిరక్కుండా సర్టిఫికెట్లు వచ్చాయి, మెరిసే కాగితం, బంగారు రంగు అంచు. హాజరు పూర్తయిన అందరికీ ఒక్కొక్కటి. హాజరు పూర్తికాని ఆ ఒక్కడికీ లేదు.

అయితే టేబుళ్ళకు కాగితాలు పంచేది అటెండరే కదా. ఆ కట్ట చంకన పెట్టుకుని పేర్లు చదువుకుంటూ ఒక్కొక్కరికీ ఇస్తూ వచ్చాడు. నా దగ్గర ఆగి నాదీ ఇచ్చాడు.

"పేరు ఒక్కసారి సూస్కోండి సార్. తప్పు పడితే మల్ల అచ్చేసి ఇస్తరంట."

చూసుకున్నాను. అచ్చుతప్పు లేదు.