బ్లాక్ బెల్టు, చీపురుకట్ట

మా కాకినాడలో 1980ల్లో కాళ్లూ చేతులూ ఎవరు గాల్లోకి విసిరినా అది కరాటేయే. ‘ఎంటర్ ది డ్రాగన్’లో బ్రూస్ లీ చేసింది చైనా వాళ్ల కుంగ్‌ఫూ అని చెప్పేవాడు లేడు, చెప్పినా నేను వినేవాణ్ణి కాదు. పొద్దున్నే గ్రౌండులో తెల్ల డ్రెస్సుల కుర్రాళ్లు అరుస్తుంటే నేనూ వెళ్లి వరసలో నిలబడ్డాను. జుట్టు నెరిసింది, మోకాళ్లు మొరాయించాయి, వరస మాత్రం వదల్లేదు.

ఇన్నేళ్లలో ఆ విద్య ఎవరి మీదైనా ప్రయోగించానా అంటే, ప్రయోగించాను. బస్టాండు రద్దీలో జేబులోకి దూరిన చేతిని మెరుపులా పట్టి మెలితిప్పాను. టిక్కెట్టుకి చిల్లర వెతుకుతున్న మా ఆవిడ చెయ్యది. మర్నాడు కాఫీ నేనే కలుపుకున్నాను.

వార్షికోత్సవాల్లో పెంకులు పగలగొట్టేవాణ్ణి. పెంకుకీ పెంకుకీ మధ్య చిన్న పుల్లలు పెడితే అవి ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా విరుగుతాయి. చెక్కనైతే నార వెంబడే కొడతాం, అడ్డంగా కాదు. ఈ కిటుకులు ప్రేక్షకులకు చెప్పం. కానీ కార్తీక సోమవారం నాడు మా ఆవిడ “ఏమండీ, కాస్త కొబ్బరికాయ కొట్టిపెట్టండి” అన్నప్పుడు చెప్పక తప్పలేదు. కాయ గుండ్రం, నార అన్ని వైపులా, కింద ఆసరా లేదు అని నేను వివరిస్తుండగానే ఆవిడ దాన్ని రుబ్బురోలు అంచుకేసి ఒక్కటి కొట్టింది. చిప్పలు రెండూ సమానం.

ఇక కటా, అంటే వరసగా చేసే కదలికల పాఠం. మా షోటోకాన్ శైలి కరాటేలో పిల్లలకు ముందు నేర్పేది హెయాన్ షోదాన్. 21 కదలికలు, ఎడమవైపు తిరిగి కింద అడ్డుకోవడంతో మొదలు, ఎక్కడ మొదలెట్టామో అక్కడికే తిరిగి చేరాలి. మా హాల్లో అది కుదిరే పని కాదు. ముందుకు మూడు అంగలు వేసి ‘కియాయ్’ అని అరిచేసరికి ముక్కు టీవీకి తగులుతుంది. సోఫా తప్పించుకుని, దివాను చుట్టి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో తేలతాను. అక్కడ బీరకాయలు నాకోసమే కాచుక్కూచుంటాయి.

నా పరువు కాస్త నిలబెట్టుకుందామని ఓ రోజు ఆవిడకు ఫునాకోషి గిచిన్ కథ చెప్పాను. 1868లో ఒకినావాలో పుట్టిన బడిపంతులు. 1922లో, యాభై దాటాక, టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించి అక్కడే ఉండిపోయాడు. ఆ ప్రదర్శనతోనే ఈ విద్య జపాన్ ప్రధాన భూభాగంలో వేళ్లూనుకుంది. అక్కడితో ఆపితే సరిపోయేది. చేతిలో పైసా లేక ఒకినావా విద్యార్థుల హాస్టల్లో ఓ చిన్న గదిలో తలదాచుకుని, పగలు గదులూ తోటా ఊడుస్తూ సాయంత్రాలు పాఠాలు చెప్పాడని కూడా, గొంతు పూడుకుపోతుండగా, చెప్పేశాను.

“అంత పెద్దాయన ఊడ్చేవాడా?” అంది. ఊడ్చేవాడన్నాను, గర్వంగా.

మర్నాటి నుంచి మా ఇంట్లో చీపురు నాది. నడుం వంచకుండా, ముందు మోకాలు మడిచి, బరువు ఆ కాలి మీద ఉంచి ఊడుస్తాను. జెన్‌కుత్సు అనే ఈ కరాటే భంగిమ ఇంత నిఖార్సుగా గ్రౌండులో ఏనాడూ కుదరలేదు. మూలల్లో దుమ్ము కనిపిస్తే ఆవిడ “మీ గురువుగారైతే ఇలా వదిలేసేవారా?” అంటుంది. మా మాస్టారు కూడా నన్ను ఇంత చక్కగా దిద్దలేదు.

మీలో ఎవరికైనా ఈ పిచ్చి ఉంటే పెద్దవాడిగా ఒక్క మాట. ఫునాకోషి ఆత్మకథ ‘కరాటే-డో: మై వే ఆఫ్ లైఫ్’ తప్పకుండా చదవండి. చదివాక ఆఫీసులో దాచుకోండి, ఇంటికి మాత్రం తేకండి.